ఓమ్నిలో ఇనుప చట్రం

శామీర్‌పేట
ఆగస్టు 12

మల్లేశం గారికి నమస్కారం.

ఈ ఉదయం మా బండి వైపర్ కింద ఏదో పిట్ట రెండు గడ్డిపోచలు పెట్టి వెళ్లింది. బండి కదలడం లేదని దానికి కూడా తెలిసినట్టుంది.

నా పేరు భవిత. మీ కోడలు బిందు అక్క పాఠాలు చెప్పే బడిలోనే లైబ్రరీ చూసుకుంటాను. మీరు జీడిమెట్లలో వెల్డింగ్ షెడ్డు నడిపారని, ఇప్పుడు చెవులు వినిపించవని, ఫోన్ వాడరని అక్క చెప్పింది. నాకు చెవులు వినిపిస్తాయి. కానీ కొత్తవాళ్ల ముందు మాట నోట్లోనే ఆగిపోతుంది. అందుకే ఉత్తరం. అక్క తెచ్చి ఇస్తుంది.

మా అమ్మ పేరు వజ్రమ్మ. నలభై ఆరేళ్లు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. ఇంట్లో ఉన్నంతసేపూ కరెంటు మీద నడిచే ఆక్సిజన్ మెషిన్, బయటికి వెళ్తే సిలిండర్. ముక్కుకు ఆ గొట్టం లేకపోతే పది నిమిషాలు గడవడం కష్టం. నెలకోసారి సికింద్రాబాద్ దాటి ఆస్పత్రికి వెళ్లి మందు ఎక్కించుకోవాలి. మొత్తం ఆరుసార్లు.

జూలైలో మొదటిసారి అద్దె కారులో వెళ్లాం. సిలిండర్‌ను సీట్ల మధ్య తాడుతో కట్టాను. అల్వాల్ దగ్గర స్పీడ్ బ్రేకర్‌కు తాడు తెగింది. సిలిండర్ దొర్లింది, గొట్టం ఊడింది. నేను వెతికి పెట్టేసరికి అమ్మ పెదవులు నేరేడు పండు రంగులోకి వచ్చాయి. డ్రైవర్ బండి ఆపి, దిగి, రోడ్డు అవతలికి వెళ్లి నిలబడ్డాడు. ఆ సంగతి తెలిశాక మా ఇంటికి ఏ బండీ రావడం లేదు. రెండోసారి నిన్న వెళ్లాల్సింది. వెళ్లలేదు.

ఒకసారి తప్పితే ఫర్వాలేదని డాక్టర్లు అన్నారు. సెప్టెంబర్ 8న కూడా తప్పితే ఈ మందు ఆపేస్తామన్నారు. దీని తర్వాత ఇంకో మందు లేదని కూడా అన్నారు.

మా ఇంట్లో పాత ఓమ్ని వ్యాను ఉంది. అందులో సిలిండర్‌ను కదలకుండా నిలబెట్టే చట్రం, మందులకు ఒక చిన్న అర కావాలి. చవితి దాకా ఇక్కడ ఏ వెల్డరూ దొరకడు. అందరూ గణపతి మండపాల పైపులు అతుకుతున్నారు. అందుకని నేనే చేయాలనుకుంటున్నాను. చదివాను. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. కిరాణా దుకాణాల్లో అరలకు వాడే చిల్లుల యాంగిల్‌కు వెల్డింగ్ అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నిటికంటే గట్టిదంటున్నారు. వీటిలో ఏది తీసుకోవాలి?

ఇరవై ఏడు రోజులున్నాయి.

భవిత


మేడ్చల్
ఆగస్టు 14

బిడ్డా భవితా,

నాకు కాయిదం రాక పదేండ్లయింది, కరెంటు బిల్లు తప్ప. గారు అని రాసినవ్. నా ఎనక ఇంకెవరన్న ఉన్నరేమో అని మర్లి చూసిన. మామ అను, సాలు.

నేనే వచ్చి చేసిపోదును. షుగరుకు కుడికాలు మోకాలి దాక తీసేసిండ్రు. చెవులు నలభై ఏండ్ల గ్రైండర్ మోతకు పోయినయ్. చేతులు మంచిగనే ఉన్నయ్, అందుకే రాస్తున్న.

నువ్వు చదివినవన్ని నిలవడ్డ బరువు సంగతులు. బండిల ఉన్నది ఉరికే బరువు. బ్రేకు కొడితే పదిహేను కిలోల సిలిండర్ నూరు కిలోల మనిషి లెక్క ముందుకొస్తది. చిల్లుల యాంగిల్ సబ్బులు, బిస్కట్లు మోస్తది. బండిల నెల తిరగకముందే ఊగుతది. అల్యూమినియం మంచిదే గని, దాని కొక్కేలు సరిగ్గా దొరకకపోతే నట్లు రోజూ బిగించాలె. వంగిందంటే ఇగ దాని పని అయిపోయినట్టే. స్టెయిన్‌లెస్‌కు చిల్లు పెట్టుడు నీతోని గాదు, డ్రిల్లు బిట్లు ఇరుగుతయ్.

మామూలు ఇనుము తీసుకో. అడుగుకు, నిలువుకు ఇంచున్నర యాంగిల్, ఐదు ఎంఎం మందం. మందుల అరకు ఇంచు చదరపు పైపు, పదహారు గేజు. వెల్డింగ్ వద్దు. పెట్రోలు బండిల నిప్పురవ్వలెందుకు? అన్నీ నట్టుబోల్టులే. నట్టు లోపట నీలం ప్లాస్టిక్ రింగున్నవి అడుగు. అవి అదురుకు ఊడయ్.

సిలిండర్ ఎత్తు, చుట్టుకొలత కొలిచి రాయి. రోగం సంగతి నాకు తెల్వది గని సిలిండర్ సంగతి తెలుసు. మనిషి పీల్చేది, మేం ఇనుము కోసేది గదే ఆక్సిజన్.

మల్లేశం మామ


శామీర్‌పేట
ఆగస్టు 18

మామా,

ఎత్తు రెండున్నర అడుగులు. చుట్టుకొలత పదిహేడు అంగుళాలు.

నిన్న ఇనుము కొన్నాను. నేను చీటీ రాసుకుని వెళ్లి దుకాణం బల్ల మీద పెట్టాను. అతను చీటీ చదివి, నన్ను చూసి, "మూగదానివా అమ్మా?" అన్నాడు. కాదన్నట్టు తల ఊపాను. "మరి నోరు తెర్వచ్చు గద" అన్నాడు. వెనక ఉన్నవాళ్లు నవ్వారు.

యాంగిల్ మీరు చెప్పినదే దొరికింది. చదరపు పైపు పదహారు గేజుది అయిపోయిందన్నాడు. పద్దెనిమిది, ఇరవై ఉన్నాయన్నాడు. ఇరవై పదహారు కంటే ఎక్కువ కాబట్టి మరింత గట్టిదని అదే తీసుకున్నాను. చాలా తేలికగా ఉంది, ఒక్కదాన్నే ఎత్తుకుని ఆటోలో పెట్టుకున్నాను. మంచి ఇనుము తేలికగానే ఉంటుందేమో అనుకున్నాను.

ఇల్లంతా ఇనుప వాసన. అమ్మ మంచం మీద నుంచే చూసి, "ఇంట్ల బండి కడుతున్నవా, బోను కడుతున్నవా?" అంది. మూడు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంది. ఆ ఒక్క వాక్యానికి నిమిషం పట్టింది. ఆమె పూర్తి చేసేదాకా నేను నవ్వకుండా ఆగాను.

నేల రేకుకు చిల్లులు ఎక్కడ పెట్టాలి? స్కూల్లో కుర్చీలు బాగుచేసే అతని దగ్గర డ్రిల్లు అడిగి తెచ్చాను. అడగలేదు, చూపించాను.

ఇరవై ఒక్క రోజులు.

భవిత


మేడ్చల్
ఆగస్టు 20

భవితా,

నీ కాయిదం చదివి మస్తు నవ్విన. బిందు ఉరికొచ్చింది, ముసలాయనకు ఏమైందో అని. బిడ్డా, గేజు అంకె పెరిగితే రేకు పలసనైతది. ఇరవై గేజంటే పాపడం. గా పైపు పెరట్ల బీరతీగకు పెట్టు. దుకాణమాయన నవ్వితే నవ్వనియ్యి, మల్ల పోయి పదహారు అడుగు. ఈసారి నోటితోని అడుగు. పదహారు అంటే సాలు, ఒక్క మాట.

చిల్లుల సంగతి. నేలకు కొత్త చిల్లు ఒక్కటి గూడ పెట్టకు. కింద పెట్రోలు ట్యాంకు ఉంటది, పైపు ఉంటది. నడిమి సీటు పీకెయ్. సీటు బిగించిన బోల్టుల జాగ ఖాళీగ ఉంటది. కంపెనీ వాడే గట్టి చేసిన జాగ అది. నీ అడుగు యాంగిల్ దానికే బిగించు. దాని మీద రెండు నిలువులు, నడుమ అడ్డం ఒకటి. కింద సిలిండర్ కూసునేతందుకు గిన్నె లెక్క ఒకటి చెయ్యాలె. నడుముకొక క్లాంపు, మెడ కిందకొక క్లాంపు. క్లాంపు లోపట సైకిల్ ట్యూబు ముక్క పెట్టు.

బిగించినంక చూసుడెట్ల? అందరు కొట్టి, సప్పుడు ఇంటరు. నాకు చెవుల్లేవు గద, నా తీరు చెప్త. సుత్తి కట్టె పండ్ల నడుమ పట్టుకో. కట్టె కొస అతుకుకు ఆనించు. పానాతోని మెల్లగ కొట్టు. గట్టిగున్నది టక్కుమని ఆగుతది. సడలింది పండ్లల్ల జిల్లుమంటది. పండ్లు అబద్ధం చెప్పయ్.

అమ్మను అడిగినట్టు చెప్పు.

మామ


శామీర్‌పేట
ఆగస్టు 26

మామా,

పూర్తయింది.

పదహారు అని నోటితోనే అడిగాను. 'ప' దగ్గర చాలాసేపు ఆగాను. అతను ఈసారి నవ్వలేదు, ఎదురుచూశాడు.

సీటు బోల్టులు తుప్పుతో పట్టేసి ఉన్నాయి. మూడు రోజులు పట్టింది. నాలుగోదాన్ని విప్పినప్పుడు బొటనవేలి గోరు సగం లేచింది. అడుగు బిగించాను, నిలువులు నిలబెట్టాను, ఎర్ర పెయింటు వేశాను. పదహారు అతుకులూ పళ్లతో చూశాను. రెండు జిల్లుమన్నాయి. విప్పి మళ్లీ బిగించాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ, "సదువుకున్న పిల్లవు, సుత్తి నములుతున్నవేందే" అంది.

సిలిండర్‌ను చట్రంలో నిలబెట్టి రెండు చేతులతో లాగి చూశాను. బండి ఊగింది కానీ సిలిండర్ ఊగలేదు. అప్పుడు బండి వెనక కూర్చుని కాసేపు ఏడ్చాను. ఇది మీకు రాయకూడదేమో.

ఇంకొకటి కూడా చేశాను. సిలిండర్ వాల్వు తిప్పే కీ చాలా బిగుతుగా ఉండేది. దారిలో నాకేమైనా అయితే అమ్మ తిప్పలేదు. అందుకని వాల్వు మరలకు, రెగ్యులేటర్ మరలకు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. చుక్క కూడా కారకుండా తుడిచాను. ఇప్పుడు వేలితో తిరిగేంత మెత్తగా ఉంది. ఇంకా తెరవలేదు, పండగ తర్వాత ఒకసారి తెరిచి చూస్తాను.

రెండో సిలిండర్ ఖాళీ. రేపు పండగ, నింపే డిపో మూసి ఉంటుంది. ఎల్లుండి నింపించాలి.

బిందు అక్క ఈ ఉత్తరం మీకిచ్చి బహదూర్‌పల్లిలో పుట్టింటికి వెళ్తానంది. పండగ శుభాకాంక్షలు.

భవిత


మేడ్చల్
ఆగస్టు 27, పొద్దున ఏడున్నర

భవితా,

వాల్వు ముట్టకు. కీ తిప్పకు.

ఆక్సిజన్‌కు నూనె తగిలితే మంట లేస్తది. అగ్గిపుల్ల అక్కర లేదు. తెరిచిన నిమిషమే లేస్తది.

తుడవకు. కడగకు. సబ్బు గిబ్బు పెట్టకు. మెల్లగ బయట నీడకు నిలవెట్టు, కాడికి ఎవ్వర్నీ రానియ్యకు.

రాత్రి నా కండ్లద్దాలు దొరకలే. పొద్దున చదివిన. బిందు రాసిపెట్టిన నీ నంబరుకు ఎల్లేష్ పదకొండుసార్లు ఫోన్ చేసిండు. నువ్వు ఎత్తుతలేవు. గీ కాయిదం తెచ్చేది ఎల్లేషే, మా గల్లీ ఆటో ఆయన.

ముట్టకు బిడ్డా.


శామీర్‌పేట
ఆగస్టు 28

మామా,

ఎల్లేష్ అన్న వచ్చేసరికి కీ నా చేతిలో ఉంది.

నిన్న ఎనిమిదింటికి మా వీధిలో కరెంటు పోయింది. మండపం దీపాల కోసం స్తంభానికి కొక్కెం వేశారు, ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. మెషిన్ ఆగిపోయింది. నేను బండిలోంచి సిలిండర్ విప్పి అమ్మ మంచం పక్కన పెట్టాను. గొట్టం తగిలించాను. వాల్వు మీద కీ పెట్టాను. అప్పుడు గేటు దగ్గర ఎవరో అరుస్తున్నారు. "భవిత ఎవరు? గ్యాసు ముట్టకుండ్రి! ముసలాయన సస్తడు ఆడ!" తెలియని మనిషి. మామూలుగా అయితే నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని.

మీ కాగితం చదివాను. అమ్మ నన్ను చూస్తోంది. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్ ఎనభై ఆరు చూపిస్తోంది. చేతిలో కీ ఉంది. ఎదురుగా ఆక్సిజన్ ఉంది. అది ఇవ్వకూడదు. ఎనభై రెండు.

ఎల్లేష్ అన్న సిలిండర్ ఎత్తుకుని బయటికి తీసుకెళ్లాడు. అమ్మ చెయ్యి చాచింది దాని వెనక.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల మండపం. అక్కడ జనరేటర్ నడుస్తోంది. పరుగెత్తాను. పాటల మోతలో ఎవరికీ ఏమీ వినిపించదు. వినిపించినా నా నోట్లో ఏమీ లేదు. "అ" అన్నాను. మళ్లీ "అ" అన్నాను. చుట్టూ పదిమంది కుర్రవాళ్లు. చివరికి వంగి స్పీకర్ల వైరు పీకేశాను.

పాట ఆగిపోయింది. మండపం పెద్ద వెంకటసాయి నా మీదికి వచ్చాడు. "ఏయ్, ఏందే గిది? దేవుని పాట బంద్ చేస్తవా? దిమాక్ ఉందా?" అన్నాడు. నేను వైరు పట్టుకుని మా ఇంటి వైపు చూపిస్తున్నాను. ఇంకొకడు, "గీ పిల్ల లైబ్రరీ పిల్ల కాదా? మాట్లాడదు గదరా" అన్నాడు. ఈలోపు ఎల్లేష్ అన్న వెనకే వచ్చి అరిచాడు. "అరే, ఆమె తల్లికి ఊపిరి ఆగుతాంది! జనరేటర్ వైరు గుంజుండ్రి జల్ది!"

ఆ తర్వాత వాళ్లను ఆపలేకపోయాం. సీరియల్ బల్బుల వైరు, స్పీకర్ల వైరు తెంపి ముడులు వేశారు. వెంకటసాయి పళ్లతో వైరు పైతోలు లాగేశాడు. గణపతి ముందు లైట్లన్నీ ఆరిపోయాయి. పూజకు వచ్చిన మైసమ్మ అవ్వ, "దేవునికి సీకటైతే ఏం గాదు, నడువుండ్రి" అని వాళ్లను తోసింది. మెషిన్ మళ్లీ శబ్దం చేసేసరికి మీటర్ డెబ్భై ఒకటి చూపిస్తోంది. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు.

పద్నాలుగు నిమిషాలు. సాయంత్రానికి తేరుకుంది. ఈ రోజు గంజి తాగింది.

ఫోన్ నా దిండు కింద సైలెంట్‌లో ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. తెలియని నంబర్ల నుంచి వస్తే ఎత్తను. మామా, పుస్తకాల మధ్య పనిచేస్తాను, ఆక్సిజన్ గురించి ఇంత చదివాను, నూనె గురించి ఒక్క వాక్యం నా కంట పడలేదు. నిన్న అమ్మ పోయి ఉంటే, అది మందు అందక కాదు, నా వల్ల.

మీరు మొదటే ఎందుకు రాయలేదని అడగాలనుంది. అడగకూడదని తెలుసు. కానీ తెల్లవారగానే ఆటో కట్టించి మనిషిని పంపేంత భయం విన్న మాటల వల్ల రాదు.

భవిత


మేడ్చల్
ఆగస్టు 30

భవితా,

ముందు పని మాట. సిలిండర్‌ను డిపోల ఇచ్చి నూనె తగిలిందని నోటితోని చెప్పు. సిగ్గు పడకు. చెప్పకుంటే రేపు ఇంకొకని ఇంటికి పోతది. రెగ్యులేటర్ గూడ మార్చు, కడిగి వాడకు. చట్రానికి నూనె చెయ్యి తగిలిన జాగలన్ని సబ్బునీళ్లతోని కడిగి, ఎండకు ఆరనియ్యి.

మొదట్నే ఎందుకు రాయలేదంటవా? రాయాలె. అందరికన్న ముందు రాయాల్సినోణ్ని నేనే. ఆ మాట నా చేతికి రాలే.

నా చెవులు గ్రైండర్ మోతకు పోలే. పద్నాలుగేండ్ల కింద జీడిమెట్ల షెడ్డుల పోయినయ్. రెగ్యులేటర్ మర పట్టేసింది. అర్జంటు పని ఉండె. గ్రీజు రాసిన. నాకు తెలుసు రాయొద్దని. ఇంత రాస్తే ఏమైతది అనుకున్న. రాసి, చేతులు తుడుచుకుంటా, మా తమ్ముడు ఇస్తారికి తెరువుమని చెప్పిన. వాడు తెరిచిండు. నాకు చెవులు పోయినయ్. వాడు మూడు రోజులు బతికిండు.

గ్రీజు రాసింది నేను. తిప్పింది వాడు. పోలీసోళ్లు అడిగితే వాడే రాసిండని చెప్పిన. మా అమ్మకు గట్లనే చెప్పిన. వాని పెండ్లానికి గట్లనే చెప్పిన. ఆమె ఇప్పటికీ, నా మొగడు తెలివి లేక సచ్చిండు అంటది నలుగురిల. నేను పక్కనే కూసోని ఇంటుంట. వినపడదు గని, పెదవులు చదువుడు నేర్చుకున్న.

అమ్మకు నీ వల్ల ఏం గాలే. నీ చేతిల కీ ఆగింది. నా చేతిల ఆగలే.

గీ కాయిదం బిందుకు చూపియ్యకు.

మల్లేశం


శామీర్‌పేట
సెప్టెంబర్ 5

మామా,

మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. లైబ్రరీలో ఎవరూ తీయని ఒక పుస్తకంలో పెట్టాను. దానికి ఏం రాయాలో ఇన్ని రోజులూ ఆలోచించాను. క్షమించండి.

డిపోలో చెప్పాను. "నూనె" అన్న మాట ఒక్కసారికే వచ్చింది. అతను సిలిండర్‌ను వేరుగా పెట్టించి, "ఇది చెప్పినోళ్లు ఇప్పటిదాక ఎవరూ లేరమ్మా" అన్నాడు. కొత్తది ఇచ్చాడు. రెండోదీ నిండింది. కొత్త రెగ్యులేటర్ వచ్చింది. చట్రం కడిగాను.

అన్నీ ఉన్నాయి. మనిషి లేడు.

మా వీధిలో వీరేందర్ అన్న క్యాబు నడుపుతాడు. మా ఓమ్ని నడపడానికి వస్తానని ఆగస్టులోనే అన్నాడు. అతని మాట మీదే ఇదంతా కట్టాను. నిన్న వచ్చి చట్రం చూశాడు. చేత్తో కొట్టి, "మస్తు చేసినవ్ భవితా, నువ్వే చేసినవా నిజంగ?" అన్నాడు. తర్వాత సిలిండర్ చూశాడు. చవితి రోజు సంగతి అతనికి తెలుసు. వీధంతా తెలుసు.

"బాంబు ఈపు ఎనక పెట్టుకుని నేను నడపలేను. నాకు ఇద్దరు పిల్లలున్నరు" అన్నాడు.

ఇది వేరే సిలిండర్ అని చెప్పాలి. మాట రాలేదు. అమ్మ లోపలి నుంచి చెప్పబోయింది, దగ్గు వచ్చింది. ఆ దగ్గు వింటూ అతను చెప్పులు వేసుకున్నాడు. తప్పు అతనిది కాదు. ఆ నూనె వేసింది నేను.

రేపు నిమజ్జనం. ఊళ్లో స్టీరింగ్ పట్టుకోగల ప్రతివాడూ విగ్రహాల లారీల మీద ఉంటాడు, ఎల్లుండి నిద్రపోతాడు. అంబులెన్సులకు ఫోన్ చేశాను. నేనే చేశాను. ఒకరు సోమవారం కుదరదన్నారు, ఇద్దరు నా మాట పూర్తయ్యేలోపు పెట్టేశారు.

నాకు బండి నడపడం రాదు. ఇప్పుడు నేర్చుకుంటే మూడు రోజుల్లో వస్తుందా? మీటర్ ఈ రోజు మెషిన్ మీద కూడా ఎనభై ఎనిమిదే. జూలైలో తొంభై మూడు ఉండేది.

మామా, ఎవరైనా ఉన్నారా?

భవిత


మేడ్చల్
సెప్టెంబర్ 6

భవితా,

ఎల్లేష్‌ను పంపి తెలిసినోళ్లందర్నీ అడిగిచ్చిన. బౌరంపేట దాక పోయిండు. ఒకడు తాగి ఉన్నడు, ఒకడు నిమజ్జనం లారీల పోయిండు, ఒకడు సిలిండర్ అనంగనే తలుపేసుకున్నడు. ఎల్లేష్‌కు ఆటో తప్ప రాదు. ఆటోల నీ చట్రం పట్టదు. మూడు రోజుల్ల నేర్చుకుని గా రోడ్డు మీదికి పోవద్దు, నా మీద ఒట్టు. రేపు గూడ తిరుగుమని చెప్పిన. దొరికితే పొద్దుగూకేలోపు పంపుత. దొరకకుంటే ఏం రాయాలో నాకు తెలుస్తలేదు.

నేను నిన్న ఇస్తారి పెండ్లాం ఇంటికి పోయిన. చెప్పిన. ఆమె చాన్సేపు నా మొఖం చూసింది. లోపటికి పోయి చెంబుతోని నీళ్లు తెచ్చి పెట్టింది. నాతోని తాగుడు కాలే.

డ్రైవర్ దొరికిండా, సోమవారం ఏమైంది, వెంటనే రాయి. మంచైనా, చెడ్డైనా రాయి.

మామ


శామీర్‌పేట
సెప్టెంబర్ 9

మామా,

మందు ఎక్కింది.

నిన్న ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. నేను వెనక, చట్రం పక్కన నేల మీద కూర్చున్నాను. ఒక చెయ్యి సిలిండర్ మీద, ఒక చెయ్యి గొట్టం మీద. తూముకుంట దగ్గర నిమజ్జనం నుంచి తిరిగొస్తున్న లారీ ఒకటి పక్క రోడ్డు నుంచి అడ్డంగా వచ్చింది. బండి ఉన్నచోట ఆగిపోయింది. నా తల ముందు సీటుకు తగిలింది. మందుల డబ్బా మూత ఎగిరింది. సిలిండర్ వెంట్రుక మందం కూడా కదల్లేదు. అమ్మ కిటికీలోంచి ఆ లారీ అతన్ని, అతని వంశాన్ని తిట్టింది. ఆ తిట్టంతా ఒక్క ఊపిరిలో అయింది. రెండు నెలలుగా ఆమె ఒక్క ఊపిరిలో అంత పొడవు మాట అనడం వినలేదు.

అల్వాల్‌లో రెండుసార్లు ఆగాం. పెదవులు మామూలుగానే ఉన్నాయి. మీటర్ ఎనభై తొమ్మిది, ఎనభై ఏడు, ఎనభై తొమ్మిది. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ బండిలోకి తొంగిచూసి, "ఎక్కడ చేయించిండ్రమ్మా ఇది?" అని అడిగాడు. మేడ్చల్ మామ చెప్పాడు, నేను చేశాను అన్నాను. ఆగకుండా అన్నాను.

డాక్టర్ నా మీద కోప్పడ్డారు. మీటర్ పడిపోతోందన్నారు. ఈ మందు పనిచేస్తోందో లేదో నాలుగోసారికి గానీ తెలియదన్నారు. తర్వాతది అక్టోబర్ 6న. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. అమ్మ బండి దిగలేకపోయింది. వెంకటసాయి, ఇంకో ఇద్దరు కుర్చీ తెచ్చి, అందులో కూర్చోబెట్టి లోపలికి మోశారు. ఈ రోజంతా నిద్రపోయింది. ఊపిరి లెక్కపెడుతూ ఇది రాస్తున్నాను. ఇదే దారి ఇంకా నాలుగుసార్లు వెళ్లాలి. ఎలా వెళ్తామో నాకు తెలియదు.

డ్రైవర్ దొరికిండా అని అడిగారు. దొరకలేదు. ఆదివారం సాయంత్రం ఎల్లేష్ అన్న వచ్చి, ఎవరూ లేరని చెప్పి, గేటు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. అమ్మ మంచం మీద నుంచి కాళ్లు కిందికి పెట్టి తాళాలు అడిగింది.

బండి నడిపింది అమ్మే.

ఆగస్టులోనే అడిగింది, నేనే నడుపుతా అని. ముక్కుకు గొట్టంతో వద్దని చెప్పాను. అది సగమే నిజం. ఆ బండి ముందు సీట్లో ఆమెను మళ్లీ చూడడం నాకు ఇష్టం లేదు. మీరు పద్నాలుగేళ్ల మాట నాకు రాశారు కాబట్టి నేనూ ఇది రాయాలి.

నాన్న పోయాక పదకొండేళ్లు అమ్మ ఆ ఓమ్నిలో మా కాన్వెంటు పిల్లల్ని తిప్పింది. ఆ బండి మీద వచ్చిన దానితోనే నన్ను అక్కడ చదివించింది. నేనూ అందులోనే వెళ్లేదాన్ని, వెనక సీట్లో. పిల్లలందరూ ఆమెను డ్రైవర్ ఆంటీ అని పిలిచేవారు.

నేనూ అలాగే పిలిచేదాన్ని.

భవిత